పరిగె ఏరిన చేతుల్లో పంట కానుక: బిషప్ అజరయ్య జీవితం

ధాన్యపు గిన్నెగా పేరొందిన ఛత్తీస్‌గఢ్ నడుమ ఉక్కు నగరం భిలాయి వెలసింది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం వచ్చింది. దేశం నలుమూలల నుంచి శ్రామికులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు కూడా ఆ నగర నిర్మాణంలో పాలుపంచుకున్నాయి.

పలు ప్రాంతాల వారు కలిసి జీవించే ఇటువంటి పట్టణంలో కృతజ్ఞతను తెలిపే పండుగలు ఒకటికి నాలుగు కనిపిస్తాయి. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ నాడు కార్మికులు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి నమస్కరిస్తారు. పుష్య పౌర్ణమినాడు ఛత్తీస్‌గఢీ పిల్లలు ఇంటింటికీ తిరిగి ధాన్యం అడుగుతారు. కొత్త పంట ఇంటికి చేరిన సంతోషంతో గృహస్థులు వారికి దోసిళ్లతో వడ్లు పోస్తారు. ఆ వేడుక పేరు ఛేర్‌ఛేరా. తెలుగువారికి సంక్రాంతి ఉండనే ఉంది. కనుమనాడు పశువులకు చేసే అలంకరణ, మన కోసం చాకిరీ చేసిన మూగజీవాలకు చెప్పుకునే కృతజ్ఞత. ఒడిశా నుంచి వచ్చినవారు కొత్త బియ్యంతో నువాఖాయి జరుపుకుంటారు.

తెలుగు క్రైస్తవ సంఘాలు జరుపుకునే కోత పండుగ కూడా ఈ వరుసలోనిదే. ఇతరులకు అంతగా తెలియని ఆ పండుగకు వేల ఏళ్ల మతపరమైన మూలాలున్నాయి. తెలుగునాట దానికి గట్టి అర్థాన్ని ఇచ్చినవారిలో అగ్రగణ్యులు డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. భిలాయి ఒప్పందానికి పదేళ్ల ముందే కన్నుమూసిన ఆయన జీవితం, పేదవాడు కృతజ్ఞత తెలపడమంటే ఏమిటన్న ప్రశ్న చుట్టూ సాగింది.

పండుగ మూలం: విడుదల పొందిన దాసుల బుట్ట

అజరయ్య కృషి అర్థం కావాలంటే ముందుగా ఆ పండుగ పుట్టుక తెలియాలి. ప్రాచీన ఇశ్రాయేలీయుల పండుగలలో వారముల పండుగ గోధుమ కోతకు సంబంధించినది. పర్ణశాలల పండుగ సంవత్సరాంతపు పంట ఇంటికి చేరిన తరువాత వచ్చేది. పంట చేతికి రాగానే రైతు ప్రథమ ఫలాలను బుట్టలో పెట్టి ఆలయానికి తీసుకువెళ్లాలని ద్వితీయోపదేశకాండము విధించింది.

అక్కడ ఆ రైతు తన పొలం గొప్పను గాని, కష్టాన్ని గాని వర్ణించడు. తన పూర్వీకులు నిలువనీడ లేక తిరిగినవారని, ఐగుప్తులో బానిసలై బాధలు పడ్డారని, దేవుడు వారిని విడిపించి ఈ నేలను ఇచ్చాడని ఒప్పుకోవాలి. ఆ తరువాత పరదేశితో కలిసి సంతోషించాలి. పొలం అంచులను పూర్తిగా కోయకుండా, రాలిన కంకులను ఏరుకోకుండా పేదల కోసం విడిచిపెట్టాలని లేవీయకాండము ఆదేశించింది. రాలిన ఆ కంకులనే తెలుగులో పరిగె అంటాం. రూతు కథ మొత్తం పరిగె ఏరుకునే ఒక పరదేశి వితంతువు కథ.

ఈ సంప్రదాయం తరువాతి కాలంలో అనేక రూపాలు ధరించింది. మధ్యయుగపు ఇంగ్లండులో ఆగస్టు ఒకటిన కొత్త గోధుమలతో చేసిన రొట్టెను ఆలయానికి తెచ్చేవారు. 1843లో కార్న్‌వాల్ ప్రాంతంలోని మోర్వెన్‌స్టో గ్రామ గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ పంట కృతజ్ఞతారాధనను జరిపించారు; ఆంగ్లికన్ ఆలయాలలో నేడు కనిపించే హార్వెస్ట్ పండుగకు అది నాంది అని చెబుతారు. అట్లాంటిక్ ఆవల, 1621లో ప్లిమత్ వలసదారులు వాంపనోగ్ ప్రజలతో కలిసి చేసుకున్న విందును అమెరికా తన థాంక్స్‌గివింగ్‌కు మూలంగా తలచుకుంటుంది. అంతర్యుద్ధం సాగుతున్న 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ దానిని జాతీయ దినంగా ప్రకటించారు.

మిషనరీలతో పాటు హార్వెస్ట్ పండుగ భారతదేశానికి కూడా చేరింది. అయితే ఇంగ్లండు గ్రామంలో ఆ పండుగ చేసుకునే రైతుకూ, తెలుగుసీమలో దానిని అందుకున్న వారికీ మధ్య పెద్ద అంతరం ఉంది. ఇక్కడ అందుకున్నవారిలో అత్యధికులు సొంత పొలం లేని మాల, మాదిగ కూలీలు. పంట కోసేది వారే; పంట మాత్రం వారిది కాదు. ఆ అంతరాన్ని గుర్తించడమే అజరయ్య విశిష్టత.

తాటితోపుల నుంచి డోర్నకల్ దాకా

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. వారిది నాడార్ కుటుంబం. తాటిచెట్లెక్కి కల్లు, బెల్లంతో జీవనం సాగించే ఆ సమాజం పందొమ్మిదవ శతాబ్దంలో అనేక అవమానాలను ఎదుర్కొంది. తండ్రి థామస్ వేదనాయగం ఆంగ్లికన్ గ్రామ గురువు. చిన్ననాటనే తండ్రి మరణించడంతో తల్లి ఎలెన్ కఠినమైన క్రమశిక్షణతో కుమారుని పెంచారు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివిన ఆయన, చివరి పరీక్షల సమయంలో అనారోగ్యం పాలై పట్టా పొందలేకపోయారు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతటా పర్యటించారు. ఆ మరుసటి ఏడాది భారతదేశానికి వచ్చిన అమెరికన్ యువకుడు షేర్‌వుడ్ ఎడ్డీతో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నారు. కళాశాల విద్య అభ్యసించిన తొలితరం దక్షిణాది క్రైస్తవ మహిళలలో ఆమె ఒకరు. తరువాతి కాలంలో తెలుగు గ్రామాల స్త్రీల మధ్య ఆమె చేసిన సేవ భర్త పనికి సమాంతరంగా సాగింది.

1902లో సింహళంలోని జాఫ్నాకు వెళ్లినప్పుడు అజరయ్య ఒక విషయం గమనించారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనంతో తమ వారినే సేవకు పంపుతున్నారు. తిరునెల్వేలిలో అప్పటికి ఎన్నో తరాలుగా క్రైస్తవ్యం ఉన్నా, ఇచ్చేది విదేశం, పుచ్చుకునేది స్వదేశం అన్న పరిస్థితి కొనసాగుతోంది. ఈ స్థితిని మార్చాలన్న సంకల్పంతో 1903 ఫిబ్రవరిలో ఆయనా, ఆయన సహచరులూ తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు, ధనం, నిర్వహణ, మూడూ భారతీయులవే కావాలన్నది దాని నియమం. 1905 క్రిస్మస్ నాడు సెరంపూర్‌లో వెలసిన నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన ప్రముఖ పాత్ర వహించారు.

తిరునెల్వేలి సంఘం ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. నేటి తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాకు చెందిన ఆ రైల్వే కూడలి పరిసరాలు అప్పట్లో వెనుకబడిన పల్లెలు. ఇతరులను పంపి తాను మద్రాసులో ఉండడం సబబు కాదని భావించిన అజరయ్య, 1909లో గురుత్వ అభిషేకం పొంది అక్కడికి తరలివెళ్లారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

ఇచ్చేవారు, పుచ్చుకునేవారు

1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య చేసిన ప్రసంగం చరిత్రకెక్కింది. విదేశీ మిషనరీలు భారతీయ సహసేవకులతో వ్యవహరించే తీరును ఆయన నిర్మొహమాటంగా విమర్శించారు. వారి త్యాగాలను కాదనకుండానే, తమకు కావలసింది సమాన స్నేహమని విన్నవించారు. సభలో కొందరు హర్షించగా, మరికొందరు నొచ్చుకున్నారు.

ఆ ప్రసంగానికీ కోత పండుగకూ సంబంధం ఉంది. ఎల్లకాలం పుచ్చుకునే స్థానంలో నిలిచిన మనిషి ఇచ్చేవాని ఎదుట సమానుడు కాలేడు. దానం ఎంత ప్రేమతో చేసినా, అందుకునే చేయి ఎప్పుడూ కిందనే ఉంటుంది. ఎడిన్‌బరోలో తెల్లదొరల ఎదుట భారతీయుడు అనుభవించిన ఆ స్థితినే, తెలుగు పల్లెలో భూస్వామి ఎదుట మాల, మాదిగ కూలీ తరతరాలుగా అనుభవిస్తున్నాడు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ ప్రధానాలయంలో అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అధిష్ఠించిన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ నియామకానికి ఎంతో కృషి చేశారు. భారతీయుని చేతికింద ఆంగ్లేయ గురువులు పనిచేయవలసి రావడం ఆనాటి పాలక సమాజంలో చాలామందికి మింగుడు పడలేదు. తొలుత చిన్నదైన డోర్నకల్ అధ్యక్ష మండలంలో తరువాత కృష్ణా తీరంలోని విశాల ప్రాంతాలు కూడా చేరాయి. ఆయన జీవితాంతానికి అక్కడి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

కళ్లం నుంచి ఆలయానికి

ఆ రోజుల్లో కూలికి ప్రతిఫలం చాలావరకు ధాన్యరూపంలోనే దక్కేది. కోత కోసి, మోపులు మోసి, కళ్లంలో నూర్చి, తూర్పారబట్టిన తరువాత కూలీకి కొలిచిపోసేది ఆసామి. కొలత ఆయనది, నిర్ణయం ఆయనది. వృత్తిపని చేసేవారికి మేర దక్కేది. ఆడవారూ పిల్లలూ కోసిన చేలలో పరిగె ఏరుకునేవారు. నిజాం రాజ్యపు గ్రామాలలో వెట్టిచాకిరీ దీనికి అదనం. కొలిచే కుంచం ఏనాడూ కూలీ చేతిలో ఉండేది కాదు.

ఇటువంటి మనుషులతో కోత పండుగ చేయించడం చిన్న విషయం కాదు. అజరయ్య ప్రోత్సాహంతో సాగిన ఆ పండుగలలో గ్రామాల వారు మేళతాళాలతో, కోలాటాలతో ఊరేగింపుగా ఆలయానికి వచ్చేవారు. వడ్లు, జొన్నలు, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు, ఎవరికి ఉన్నది వారు తెచ్చేవారు. గృహిణులు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ పిడికెడు విడిగా వేసి కూడబెట్టి తెచ్చే ఆచారం తెలుగు సంఘాలలో వేళ్లూనింది. కానుకలను ఆరాధన అనంతరం వేలం వేసి, వచ్చిన సొమ్మును సంఘ అవసరాలకు వినియోగించడం నేటికీ అనేక చోట్ల కనిపిస్తుంది.

ఆ రోజు పిడికెడు గింజలు తెచ్చిన కూలీ, ఎంత ఇవ్వాలో తానే నిర్ణయించుకున్నాడు; కుంచం అతని చేతికి వచ్చింది. విడుదల పొందిన దాసులు బుట్ట ఎత్తుకుని తమ కథ తామే చెప్పుకోవడం పండుగ మూలమైతే, వెట్టినుంచి ఇంకా బయటపడని జనం అదే బుట్టను ఎత్తుకోవడం అజరయ్య నాటి తెలుగు పల్లెలో జరిగింది. పరిగె ఏరుకున్న చేతులు పన తెచ్చి అర్పించాయి.

ఆకలితో ఉన్నవారి నుంచి కానుక తీసుకోవడం న్యాయమా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే తలెత్తుతుంది. కానుకలు వేయమని ఒత్తిడి చేసే ఏ మతసంస్థకైనా ఆ ప్రశ్న వర్తిస్తుంది. అజరయ్య దానిని తేలికగా తీసుకోలేదు. క్రైస్తవ దాతృత్వంపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు. ఇవ్వడం ధనికులకు మాత్రమే తగిన పని అనడం పేదవానిని మరొకసారి అవమానించడమేనని ఆయన దృక్పథం. కానుక విలువ పరిమాణంలో లేదని, మనసులోనూ ఇచ్చేవాని స్తోమతలోనూ ఉందని ఆయన బోధించారు. అయినా సంపూర్ణ స్వయంపోషణ ఆయన కాలంలో నెరవేరలేదు; డోర్నకల్ పాఠశాలలు, వైద్యశాలలు విదేశీ సహాయం మీద గణనీయంగా ఆధారపడుతూనే వచ్చాయి. ఆశయానికీ ఆచరణకూ నడుమ మిగిలిన ఆ దూరం కూడా ఆయన చరిత్రలో భాగమే.

విమర్శలు, విభేదాలు

మరొక దిశ నుంచి కూడా ప్రశ్నలు ఎదురయ్యాయి. తెలుగు జిల్లాలలో దళితులు సమూహాలుగా మతం మారడాన్ని మహాత్మా గాంధీ 1930లలో తీవ్రంగా విమర్శించారు. పేదల నిస్సహాయతను మతమార్పిడికి వాడుకుంటున్నారన్నది గాంధీజీ ఆక్షేపణ. పేదలకు కూడా సొంత ఆలోచన, సొంత విశ్వాసం ఉంటాయన్నది అజరయ్య వాదం. స్వదేశీ భావన, సాదా జీవితం, మద్యపాన వ్యతిరేకత, అస్పృశ్యతా నిర్మూలన ఇద్దరికీ ఇష్టమైన అంశాలే. ఒకే దారిలో చాలా దూరం నడిచిన ఇద్దరు, మతమార్పిడి దగ్గర విడిపోయారు.

అదే సమయంలో, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కేటాయించడాన్ని అజరయ్య వ్యతిరేకించారు. తన సంఘం దేశ ప్రజల నుంచి వేరుపడి రాజకీయ లబ్ధి కోరడం ఆయనకు సమ్మతం కాలేదు. క్రైస్తవ శాఖల ఐక్యతకై 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో ఆయన ముందు నిలిచారు. ఆ ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. ఆ రోజును చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఆయన మనసును రాతిలో చూడదలచినవారికి డోర్నకల్ ప్రధానాలయం ఉంది. ధనలేమి కారణంగా దాని నిర్మాణం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. హైందవ మండపాల స్తంభాలు, ఇస్లామీయ కట్టడాల గుమ్మటాలు అందులో కలిసిపోయాయి. ఈ నేల మీది సకల శిల్ప సంప్రదాయాలూ కృతజ్ఞతా కానుకలేనని ఆ కట్టడం చెబుతున్నట్టు ఉంటుంది. కోలాటాన్నీ, గ్రామీణ సంగీతాన్నీ ఆరాధనలోకి ఆహ్వానించిన మనిషికి తగిన ఆలయం అది.

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి ఆ ఆలయ సన్నిధిలోనే ఉంది.

ధాన్యం జీతంగా మారిన చోట

ఆ తరువాతి దశాబ్దాలలో తెలుగు పల్లెల నుంచి ఎందరో పారిశ్రామిక నగరాలకు వలసపోయారు. వారిలో భిలాయి చేరిన క్రైస్తవ కుటుంబాలు వేర్వేరు మిషన్ల నేపథ్యం కలవి. అందరూ డోర్నకల్ మండలానికి చెందినవారు కారు. కానీ కోత పండుగ ఏ ఒక్క మండలానికో పరిమితం కాలేదు. అది తెలుగు క్రైస్తవుల ఉమ్మడి ఆచారంగా స్థిరపడింది.

పొలం లేని చోట ఆ పండుగకు అర్థమేమిటి? ఉక్కు నగరంలో కార్మికుడు కోసే పంట లేదు. నెలనెలా చేతికందే జీతమే అతని పంట. వడ్ల బస్తాకు బదులు కవరులో నోట్లు, కోడిపెట్టకు బదులు మార్కెట్లో కొన్న పండ్ల బుట్ట కానుకగా రావచ్చు. రూపం మారినా, తన కష్టఫలం తనది మాత్రమే కాదన్న ఒప్పుకోలు అందులో మిగిలే ఉంటుంది. విశ్వకర్మ పూజనాడు యంత్రానికి నమస్కరించే కార్మికుని మనసులోనూ, ఛేర్‌ఛేరా నాడు వాకిట నిలిచిన పిల్లవానికి వడ్లు పోసే గృహిణి మనసులోనూ ఉన్నది ఇటువంటి భావమే.

అయితే ప్రాచీన పండుగ విధించిన రెండవ నియమాన్ని కూడా మరువరాదు. కృతజ్ఞత చెప్పే రైతు పొలం అంచును పేదవానికి విడిచిపెట్టాలి. పరిశ్రమల లోకంలో ఆ అంచున నిలిచినవారు ఒప్పంద కార్మికులు. దల్లీ రాజహరా గనులలో వారి న్యాయమైన వేతనం కోసం పోరాడిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే హత్యకు గురయ్యారు. ఎవరి శ్రమతో పంట పండిందో వారికి కొలిచి ఇవ్వడంలో న్యాయం లేనప్పుడు, ఆలయంలో చెప్పే కృతజ్ఞత వెలితిగానే మిగులుతుంది.

అజరయ్య ఈ సంగతిని తన పల్లెల్లో కళ్లారా చూశారు. అందుకే ఆయన కృతజ్ఞతను పేదవాని నుంచి ఆశించే వినయంగా పరిగణించలేదు. అతనికి దక్కవలసిన గౌరవంగా గుర్తించారు. ఆసామి పోసిన గింజలకు దణ్ణం పెట్టడం వేరు, తన గింజలను తానే తెచ్చి దేవుని ఎదుట నిలబడడం వేరు. ఆ తేడాను తెలుగు పల్లెలకు తెలియజెప్పిన తమిళ బిడ్డగా, ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా ఆయన పేరు నిలిచిపోయింది. కోతలు ముగిసిన తరువాత తెలుగు సంఘాలలో పిడికెడు బియ్యం కానుకల పళ్లెంలోకి జారే ప్రతి ఏటా ఆ పేరు తలచుకోదగినది.